అమెరికా సిటీల స్కైలైన్లను పోల్చడం ఎలా? ఫోటోలు చూసి మోసపోకుండా, మీ కళ్ళతో మీరే తేల్చుకునే పద్ధతి

"అమెరికాలో ఏ సిటీ స్కైలైన్ బాగుంటుంది?" "అమ్మానాన్న వస్తున్నారు, చూపించాల్సిన డౌన్‌టౌన్ ఏది?" "ఫీనిక్స్ అంత పెద్ద సిటీ కదా, బిల్డింగులేవీ?" ఈ మూడు ప్రశ్నలూ మాటలు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి. (స్కైలైన్ అంటే దూరం నుంచి చూసినప్పుడు ఊరి బిల్డింగులన్నీ కలిసి ఆకాశం మీద గీసే ఆకారం.) ముఖ్యంగా కోకాపేటలో 40 అంతస్తులు దాటిన టవర్లు చూసి విమానం ఎక్కినవాళ్ళు, డల్లాస్ శివారు ఫ్రిస్కోలోనో, శాన్ హోసేలోనో దిగగానే "ఇదేనా అమెరికా?" అని నీరసపడుతుంటారు. వాళ్ళ తప్పేం లేదు. సినిమాల్లో, పోస్టర్లలో చూసింది వేరు, దిగిన చోటు వేరు.

ఏది గొప్ప అని నేను చెప్పి వదిలేస్తే ఇంకొకరు వచ్చి కాదంటారు. అందుకే లిస్టు ఇవ్వకుండా పోల్చే పద్ధతి ఇస్తున్నాను. నా అభిప్రాయాలు మధ్యమధ్యలో దొర్లుతాయి, నచ్చకపోతే మీ మార్కులు మీరు వేసుకోండి.

ఏమేం కావాలి

- ఫోన్. దాని మెయిన్ కెమెరా, అంటే 1x, చాలు. జూమ్ వాడకండి, కారణం కింద చెబుతాను.
- మీ కుడిచెయ్యి. వేళాకోళం కాదు, కొలబద్ద అదే.
- గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే ఆప్షన్.
- ఒక కాగితం, పెన్ను.
- మీతోపాటు మార్కులు వేసే ఇంకో మనిషి. మీ ఊరంటే మీకుండే అభిమానం లేని మనిషైతే మరీ మంచిది.

సిటీకి వెళ్ళే వీలు లేకపోతే గూగుల్ ఎర్త్‌లో త్రీడీ వ్యూ పెట్టుకుని కూడా 2, 4, 5 స్టెప్పులు చేయొచ్చు. వెలుతురు తేడా మాత్రం అందులో తెలియదు.

1. పోల్చదగిన వాటినే పోల్చండి

న్యూయార్క్‌నీ షికాగోనీ పక్కన పెట్టేయండి. వాటిని వేరే ఊళ్ళతో పోటీకి దింపితే మిగతావన్నీ ఓడిపోతాయి, మీకు తెలిసేదేమీ ఉండదు. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చుకోండి. మిగతా ఊళ్ళను వాటి మెట్రో ఏరియా (సిటీ, చుట్టూ అల్లుకున్న శివార్లూ కలిపి) సైజును బట్టి జతలుగా కట్టండి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. జనాభా ఎక్కువైతే బిల్డింగులు పెద్దవనుకుంటారు. 2020 లెక్కల ప్రకారం ఫీనిక్స్ సిటీ జనాభా 16 లక్షలు, పిట్స్‌బర్గ్‌ది 3 లక్షలు. కానీ ఫీనిక్స్‌లో అన్నిటికంటే ఎత్తైనది ఇప్పటికీ 1972లో కట్టిన 483 అడుగుల టవరే. పిట్స్‌బర్గ్‌లో 1970 నాటి యూఎస్ స్టీల్ టవర్ 841 అడుగులు. సిటీ హద్దులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా గీశారు కాబట్టి ఒట్టి సిటీ జనాభా అంకెతో ఏదీ తేలదు.

ఒక ఊరు చప్పగా ఉందంటే దాని వెనక తరచుగా ఒక రూల్ ఉంటుంది. మార్కులు తగ్గించే ముందు అది తెలుసుకోండి:

- శాన్ హోసే: ఎయిర్‌పోర్ట్ డౌన్‌టౌన్‌కు 5 కిలోమీటర్ల లోపే ఉంది, విమానాలు నెత్తి మీదుగా దిగుతాయి. అందుకే 10 లక్షల మంది ఉన్న ఊళ్ళో 300 అడుగులు దాటిన బిల్డింగ్ కనిపించదు. మనవాళ్ళు అంతమంది ఉన్న ఊరు, డబ్బుకు కొదవలేని ఊరు, అయినా అంతే.
- శాన్ డియేగో: ఇదే కథ. 500 అడుగుల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది.
- వాషింగ్టన్: 1910 నాటి చట్టం ఎత్తును అదుపు చేస్తోంది. 555 అడుగుల వాషింగ్టన్ మాన్యుమెంటే అక్కడ శిఖరం. దీన్ని స్కైలైన్ పోటీలో పెట్టడమే అన్యాయం. నది అవతల రాస్లిన్‌లో కనిపించే టవర్లు వర్జీనియావి.

2. నిలబడే చోటు ముందే ఖాయం చేసుకోండి

ఎత్తైన బిల్డింగ్ నుంచి సుమారు 2-4 కిలోమీటర్ల దూరం సరైనది. మరీ దగ్గరైతే ముందున్న రెండు బిల్డింగులే కనిపిస్తాయి. ఇంకా దూరం పోతే ఎంత గొప్ప ఊరైనా గట్టు మీద పేర్చిన అగ్గిపెట్టెల్లా ఉంటుంది. ఫ్రిస్కో నుంచి డల్లాస్ డౌన్‌టౌన్ 45 కిలోమీటర్లు. అక్కడుండి "డల్లాస్‌లో ఏముంది?" అనడం కుదరదు.

నమ్మకంగా నిలబడగలిగే చోట్లు కొన్ని:

- షికాగో: ఆడ్లర్ ప్లానిటేరియం ముందున్న గట్టు.
- న్యూయార్క్ కింది భాగం (మాన్‌హట్టన్ దక్షిణ కొస): జెర్సీ సిటీ ఎక్స్‌ఛేంజ్ ప్లేస్. మిడ్‌టౌన్‌కైతే వీహాకెన్‌లో హామిల్టన్ పార్క్.
- సియాటిల్: కెర్రీ పార్క్.
- పిట్స్‌బర్గ్: మౌంట్ వాషింగ్టన్ మీద గ్రాండ్‌వ్యూ అవెన్యూ.
- అట్లాంటా: జాక్సన్ స్ట్రీట్ బ్రిడ్జ్.
- శాన్ ఫ్రాన్సిస్కో: ట్రెజర్ ఐలాండ్.
- సిన్సినాటి: నది అవతల కెంటకీలో డెవూ పార్క్.
- హ్యూస్టన్: బఫెలో బయూ పార్క్, సబీన్ స్ట్రీట్ బ్రిడ్జ్ దగ్గర.
- డెన్వర్: సిటీ పార్క్‌లో మ్యూజియం వైపు. వెనక రాకీ పర్వతాలు కూడా ఫ్రేములోకి వస్తాయి.

పిట్స్‌బర్గ్ గురించి ఇంకో మాట. ఎయిర్‌పోర్ట్ నుంచి పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వర స్వామి గుడికి ఐ-376 మీద వెళితే ఫోర్ట్ పిట్ టన్నెల్ దారిలోనే వస్తుంది. కొండ కింద కిలోమీటరుకు పైగా టైల్స్ గోడలు, లైట్ల వెలుతురు తప్ప ఏమీ ఉండదు. టన్నెల్ అయిపోగానే పసుపు రంగు బ్రిడ్జి, కింద నదులు, ఎదురుగా టవర్లన్నీ ఒక్క దెబ్బకు కళ్ళ ముందు పడతాయి. అమెరికాలో ఒక ఊళ్ళోకి అడుగుపెట్టే దారుల్లో దీన్ని మించింది లేదనేది నా గట్టి అభిప్రాయం. కానీ మార్కులు దీన్ని బట్టి వేయకండి. చీకట్లోంచి బయటపడిన ఊపులో అన్నీ పెద్దగానే అనిపిస్తాయి. గుడికి వెళ్ళి ప్రసాదం తిని, తర్వాత కొండెక్కి నిదానంగా చూసి వేయండి.

జాగ్రత్త: డ్రైవ్ చేస్తూ వీడియో తీయొద్దు. పక్క సీట్లో ఉన్నవాళ్ళకు ఫోన్ ఇవ్వండి. వ్యూపాయింట్ దగ్గర కారు ఆపి దిగేటప్పుడు లాప్‌టాప్ బ్యాగు, పాస్‌పోర్టులు సీట్లో కనబడేలా వదలొద్దు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. డ్రోన్ ఎగరేద్దామనుకుంటే ముందు ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రూల్స్ చూసుకోండి. వాషింగ్టన్ చుట్టుపక్కల ఆ ఆలోచనే పెట్టుకోకండి.

3. వెలుతురు ఒకేలా ఉండాలి

ఒక ఊరిని మిట్టమధ్యాహ్నం, ఇంకో ఊరిని సూర్యాస్తమయానికి చూసి పోల్చకండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. అంటే జెర్సీ సిటీ నుంచి తూర్పుకు చూస్తున్నారు కాబట్టి సాయంత్రం వెళ్ళాలి, అప్పుడే అవతలి అద్దాలన్నీ ఎర్రగా మెరుస్తాయి. అదే మాన్‌హట్టన్‌ను బ్రూక్లిన్ వైపు నుంచి చూస్తే పొద్దున. షికాగోలో ఆడ్లర్ నుంచి వాయవ్యానికి చూస్తారు, అక్కడా పొద్దునే.

రాత్రి లుక్‌కు వేరే మార్కు. పొద్దు గుంకిన తర్వాత 20-30 నిమిషాలకు, ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉండగా చూడండి. పూర్తిగా చీకటి పడితే బిల్డింగుల అంచులు పోయి లైట్లు మాత్రమే మిగులుతాయి. పగలు మామూలుగా ఉండి రాత్రి లేచి కూర్చునే ఊరు డల్లాస్. 921 అడుగుల బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్లాజా అంచుల వెంట ఆకుపచ్చ లైటు, పక్కన రీయూనియన్ టవర్ గుండ్రటి తల. పగలు అదే ఊరికి నేను అంత ఎక్కువ మార్కులు వేయను.

శాన్ ఫ్రాన్సిస్కోలో పొగమంచు పట్టిన రోజు సగం ఊరే కనిపించదు. లాస్ ఏంజిలస్‌లో వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి, గాలి శుభ్రంగా ఉంటుంది. చలికాలమైతే టవర్ల వెనక శాన్ గాబ్రియల్ కొండల మీద మంచు కూడా కనిపించవచ్చు.

4. పిడికిలితో కొలవండి

ఈ స్టెప్ వదిలేస్తే మిగతావన్నీ వృథా. ఎందుకంటే కాగితం మీద ఎత్తు వేరు, కంటికి కనిపించే ఎత్తు వేరు.

చెయ్యి ముందుకు పూర్తిగా చాచండి. బొటనవేలి వైపు పైకి ఉండేలా పిడికిలి బిగించండి. కింది అంచు నుంచి పై అంచు వరకు దాదాపు 10 డిగ్రీలు. బొటనవేలి వెడల్పు 2 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. మీ చెయ్యి సరిపోతుందో లేదో చూడాలంటే, కంటికి ఎదురుగా మొదలుపెట్టి నడినెత్తి మీదకు వచ్చేదాకా పిడికిలి మీద పిడికిలి పేర్చండి. తొమ్మిది పట్టాలి. ఎనిమిదికో పదికో వస్తే దాన్నిబట్టి సర్దుకోండి.

లెక్కతో సరిచూసుకోవాలనుకుంటే: ఎత్తును మీటర్లలో, దూరాన్ని కిలోమీటర్లలో తీసుకోండి. ఎత్తును దూరంతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ 17తో భాగిస్తే సుమారుగా డిగ్రీలు వస్తాయి. ఆడ్లర్ నుంచి విల్లిస్ టవర్ 2.8 కిలోమీటర్లు, ఎత్తు 442 మీటర్లు. లెక్క 9 దగ్గర తేలుతుంది. అంటే పిడికిలికి కొంచెం తక్కువ. జెర్సీ సిటీ ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ నుంచి 541 మీటర్ల వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాదాపు రెండు పిడికిళ్ళకు దగ్గరగా వస్తుంది, మధ్య దూరం 1.7 కిలోమీటర్లే కాబట్టి. దీన్నిబట్టి షికాగో చిన్నది అనేయకండి. రెండిటినీ 3 కిలోమీటర్లకు మార్చి లెక్కేస్తే విల్లిస్ 9కి కొంచెం తక్కువ, న్యూయార్క్ టవర్ 10కి కొంచెం ఎక్కువ. అదీ అసలు తేడా.

ఇప్పుడు సియాటిల్ చూడండి. కెర్రీ పార్క్ రెయిలింగ్ దగ్గర నిలబడి పిడికిలి చాచితే ఆ ఊరి గుర్తుగా పేరుపడ్డ స్పేస్ నీడిల్ 8 డిగ్రీల పైన ఉంటుంది. దాని కుడిపక్కన వెనకగా ఉండే 76 అంతస్తుల కొలంబియా సెంటర్ ఐదు కూడా ఉండదు. నిజానికి నీడిల్ ఎత్తు 605 అడుగులే, కొలంబియా సెంటర్ 900 దాటింది. నీడిల్ 1.3 కిలోమీటర్ల దూరంలో ఉంది, టవర్ దాదాపు 3.5 కిలోమీటర్ల అవతల ఉంది, అంతే మాయ. సియాటిల్‌ను నీడిల్ ఏలుతోందని అందరూ అనుకోవడానికి కారణం ఈ ఒక్క పార్కు. అక్కడి నుంచి కాకుండా నీటి మీద ఫెర్రీలోంచి చూస్తే నీడిల్ ఎడమ పక్కన ఒంటరిగా, చిన్నగా నిలబడి ఉంటుంది. డౌన్‌టౌన్ టవర్లే ముందుకొస్తాయి. నాకైతే ఆ ఫెర్రీ వ్యూనే అసలు సియాటిల్.

అన్నట్టు ఆ ఫోటోల్లో కనిపించే పేద్ద రెయినియర్ పర్వతం ఉంది చూశారూ, అది దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. చేత్తో కొలిస్తే బొటనవేలి కంటే కాస్త ఎక్కువ. ఫోటోలో ఊరంత కనిపించేది జూమ్ పుణ్యం.

5. ఎత్తు వదిలేసి, పైఅంచు గీత చూడండి

కళ్ళు సగం మూసి చూడండి. కిటికీలు, రంగులు మాయమై పైఅంచు మాత్రమే మిగులుతుంది. అందులో ఇవి వెతకండి: శిఖరం ఉందా, దాని వైపుకు మెట్లుమెట్లుగా ఎక్కుతోందా, మధ్యలో ఖాళీలు ఎక్కువున్నాయా, తలలు వేరువేరుగా ఉన్నాయా?

షికాగో ఎక్కువ మార్కులు కొట్టేది ఇక్కడే. ఒక పక్క విల్లిస్ నల్లటి మెట్లు, రెండు కిలోమీటర్లకు పైగా ఉత్తరాన పాత హాంకాక్ టవర్ పైకి సన్నబడుతూ, మధ్యలో గీత ఎక్కడా తెగకుండా నడుస్తుంది. ముందు పార్కు, దాని ముందు సరస్సు. అడ్డం ఏదీ లేదు.

ఓక్లహోమా సిటీ దీనికి పూర్తి వ్యతిరేకం. 2012లో 844 అడుగుల డెవన్ టవర్ వచ్చింది, మిగతావి దాని నడుము దాకా కూడా సరిగ్గా రావు. అందమైన బిల్డింగే. కానీ అది బిల్డింగ్ ఫోటో, స్కైలైన్ ఫోటో కాదు.

మయామీలో టవర్లకు కొదవలేదు, బారులు తీరి ఉంటాయి. అయితే చాలావరకు ఒకే ఎత్తు. నీటి మీది కాజ్‌వే నుంచి చూసినప్పుడు వెడల్పుకు నోరెళ్ళబెడతాం, కాసేపటికి కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు.

లాస్ ఏంజిలస్ బిల్డింగులు నెత్తి నరికినట్టు ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. 1974 నుంచి 2014 దాకా అక్కడ పొడవైన బిల్డింగుల పైన హెలికాప్టర్ దిగే చోటు తప్పనిసరి. అందుకే చదునైన తలలు. మినహాయింపు తెచ్చుకుని వంపు తలతో లేచింది 2017 నాటి విల్షైర్ గ్రాండ్. ఫిలడెల్ఫియాలో ఇంకో తమాషా: సిటీ హాల్ మీదున్న విలియం పెన్ విగ్రహం టోపీని మించి ఎవరూ కట్టకూడదని ఒక మాట ఉండేది. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ ఆ మాట దాటింది. ఇప్పుడు అక్కడ 1,121 అడుగుల టవర్ కూడా ఉంది, గీత చూడముచ్చటగా ఎక్కుతుంది.

ఇక చెల్లాచెదురు ఊళ్ళు. హ్యూస్టన్‌లో 1,002 అడుగుల టవర్ డౌన్‌టౌన్‌లో ఉంటే, 901 అడుగుల విలియమ్స్ టవర్ దాదాపు 10 కిలోమీటర్ల అవతల గలేరియా వైపు ఉంది. అట్లాంటా కూడా డౌన్‌టౌన్, మిడ్‌టౌన్, బక్‌హెడ్ అంటూ పీచ్‌ట్రీ స్ట్రీట్ వెంట సాగదీసినట్టుంటుంది. ఇలాంటి చోట ఒక గుంపుకే మార్కులు వేయండి, మిగతావి కలపకండి.

6. బొటనవేలు అడ్డం పెట్టండి

ఊరికి పేరు తెచ్చిన ఒక్క కట్టడాన్ని బొటనవేలితో కప్పేయండి. మిగిలింది చూడబుద్ధి అవుతోందా? సెయింట్ లూయిస్‌లో 630 అడుగుల ఆర్చ్‌ని కప్పితే మిగిలేది మామూలు ఊరు. శాన్ ఆంటోనియోలో టవర్ ఆఫ్ ది అమెరికాస్ కప్పినా అంతే. శాన్ ఫ్రాన్సిస్కోలో ట్రాన్సమెరికా పిరమిడ్‌ను కప్పినా ఊరు నిలబడుతుంది. న్యూయార్క్‌లో ఏది కప్పాలో కూడా తెలియదు.

7. మార్కులు

మొత్తం 50. ఎత్తు 10 (3 కిలోమీటర్ల దూరానికి మార్చాక ఒక డిగ్రీకి ఒక మార్కు), పైఅంచు గీత 15, గుంపు (టవర్లు ఎంత దగ్గరగా చేరి ఉన్నాయో) 10, ముందూ వెనకా ఉన్న నీళ్ళూ కొండలూ 10, రాత్రి 5. ఇద్దరూ విడివిడిగా వేసి తర్వాతే చూపించుకోండి.

నా మార్కుల్లో ఒక జత (సైజులో ఇవి సమానం కాదు, మార్కులు వేసే తీరు చూపడానికే): హ్యూస్టన్ 6, 10, 7, 4, 3. మొత్తం 30. పిట్స్‌బర్గ్ 5, 12, 9, 10, 3. మొత్తం 39. హ్యూస్టన్‌వాళ్ళు కొట్లాటకు రావొచ్చు. నేల చదునుగా ఉండటం వాళ్ళ తప్పు కాదని ఒప్పుకుంటాను, మార్కులు మాత్రం మార్చను.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*జూమ్ ఫోటోలు నమ్మడం.* దూరం నుంచి జూమ్ చేస్తే వెనకున్నవన్నీ ముందుకొచ్చి అతుక్కుంటాయి, ఖాళీలు మాయమవుతాయి. వాల్‌పేపర్లు ఎక్కువగా ఇలాంటివే. రెండు ఊళ్ళ ఫోటోలు పోల్చాల్సి వస్తే రెండూ 1xలో తీసినవే అయ్యుండాలి.

*సూదిని కూడా ఎత్తులో కలపడం.* వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 1,776 అడుగులు అంటారు, దాని రూఫ్ మాత్రం 1,368 దగ్గరే ఆగుతుంది. విల్లిస్ టవర్ రూఫ్ 1,451. వన్ వరల్డ్ పైన ఉన్నది యాంటెన్నా కాదు, డిజైన్‌లో భాగమైన స్పైర్ అని 2013లో బిల్డింగుల ఎత్తులు ఖాయం చేసే కౌన్సిల్ తేల్చడంతో న్యూయార్క్ గెలిచింది. ఆ కౌన్సిల్ ఆఫీసు ఉన్నది షికాగోలోనే! మీరు పిడికిలితో కొలిచేటప్పుడు రూఫ్ దగ్గర ఒకటి, సూది చివర ఒకటి, రెండూ రాసుకోండి.

*పక్క ఊరిని కలిపేయడం.* న్యూయార్క్ ఫోటో అని పెట్టేవాటిలో కొన్ని జెర్సీ సిటీవి. 99 హడ్సన్ 900 అడుగులు, అది న్యూజెర్సీ ఖాతా.

*పాత ఫోటో.* ఆస్టిన్ లాంటి ఊళ్ళో పదేళ్ళ కిందటి ఫోటో అంటే వేరే ఊరి ఫోటోనే. తీసిన సంవత్సరం చూడకుండా పోల్చొద్దు. ఇంకా కట్టని బిల్డింగుల కంప్యూటర్ బొమ్మలు కూడా తిరుగుతుంటాయి, వాటితో జాగ్రత్త.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఫోటోను ఎడిట్‌లో పెట్టి బిల్డింగులు మొత్తం నల్లగా అయ్యేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. అమెరికాలో కొన్నాళ్ళుగా ఉంటున్న స్నేహితుడికి ఊరి పేరు చెప్పకుండా చూపించండి. నల్లటి ఆకారం చూసి పేరు చెప్పగలిగితే మీరు గీతకు వేసిన 12, 13 మార్కులు సబబే. అన్ని ఊళ్ళూ ఒకేలా ఉన్నాయంటే తగ్గించండి.

తర్వాత అదే ఊరిని మొదటి చోటికి అడ్డంగా ఉన్న ఇంకో దిక్కు నుంచి చూడండి. అట్లాంటా ఉత్తర దక్షిణాలుగా సాగిన ఊరు కాబట్టి తూర్పు నుంచి వెడల్పుగా, దక్షిణం నుంచి ఒక గుత్తిలా కనిపిస్తుంది. రెండు చోట్ల మీ మార్కుల మధ్య తేడా 8 దాటితే, మీరు మార్కులు వేసింది ఊరికి కాదు, ఆ వ్యూపాయింట్‌కి. అలాంటప్పుడు రెండిటి సగటు తీసుకోండి.

ఇద్దరి మార్కులూ పది కంటే ఎక్కువ తేడాగా వస్తే మొత్తం చూడకండి, ఏ గడిలో తేడా వచ్చిందో చూడండి. చాలాసార్లు అది నీళ్ళూ కొండల గడే అవుతుంది. కొందరికి కొండ కూడా స్కైలైన్‌లో భాగమే, కొందరికి మనిషి కట్టిందే లెక్క. ఆ గడి తీసేసి 40కి లెక్కేసుకోండి, గొడవ ఉండదు.

అమ్మానాన్నల సంగతి అడిగినవాళ్ళకు: వాళ్ళకు ఈ కొలతలేవీ అక్కర్లేదు. న్యూజెర్సీ వైపు ఉంటే సాయంత్రం పొద్దు గుంకడానికి గంట ముందు ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ ఒడ్డుకు తీసుకెళ్ళండి, టికెట్ లేదు, మెట్లెక్కే పని లేదు. నది గాలి చల్లగా కొడుతుంది కాబట్టి ఏ నెలైనా ఒక శాలువా పెట్టుకోండి.